సామూహిక నిధి సేకరణ: పరిశోధన నడిచిన దారి, ఫిఖ్‌హ్ ముందున్న ప్రశ్నలు

ఒక ధనికుడు లక్ష రూపాయలు ఇచ్చినా, లక్షమంది తలా ఒక రూపాయి ఇచ్చినా జమా పుస్తకంలో కనిపించే మొత్తం ఒకటే. కాని అర్థశాస్త్రజ్ఞుని దృష్టిలో ఈ రెండూ ఒకటి కావు. లక్ష ఇచ్చినవాడు లెక్క అడుగుతాడు; అడిగితే చెప్పక తప్పదు. రూపాయి ఇచ్చినవాడు లెక్క అడగదలిస్తే కార్డు ముక్క ఖర్చే దండగ. అందరూ ఇలాగే అనుకొంటారు కనుక చివరికి అడిగేవాడే ఉండడు. ఈ సంగతి ఇచ్చేవారికి తెలియనిది కాదు. తెలిసీ ఇస్తున్నారు. ముఖపరిచయమైనా లేని మనిషికి, వేల మైళ్ల దూరంలో ఉన్నవాడికి ఇస్తున్నారు. ఎందుకు ఇస్తున్నారు, ఎవరికి ఇస్తున్నారు, ఎవరికి ఇవ్వడం లేదు, ఇచ్చిన తరువాత ఏమవుతున్నది అనే ప్రశ్నల చుట్టూ గత పదిహేనేళ్లలో ఒక పెద్ద పరిశోధనా సాహిత్యం పెరిగింది. దానినే క్రౌడ్‌ఫండింగ్ పరిశోధన అంటున్నారు. తెలుగులో సామూహిక నిధి సేకరణ అనవచ్చు. ఊళ్లో మాటలో చెప్పాలంటే చందాయే, అయితే చందా పుస్తకం ఇంటింటికీ తిరగకుండా ఇంటర్నెట్‌లో ఒక వేదికమీద తెరిచి ఉంటుంది.

పేరు కొత్తది. జనసమూహం చేత పని చేయించుకోవడాన్ని సూచించే 'క్రౌడ్‌సోర్సింగ్' అనే మాటను జెఫ్ హౌ అనే పాత్రికేయుడు 2006లో 'వైర్డ్' పత్రికలో ప్రచారంలోకి తెచ్చాడు. 'క్రౌడ్‌ఫండింగ్' అనే మాట కూడా అదే సంవత్సరం పుట్టింది. పని మాత్రం పాతది. 1885లో అమెరికాలో స్వేచ్ఛా ప్రతిమను నిలబెట్టే పీఠానికి డబ్బు చాలక పని ఆగిపోతే, జోసెఫ్ పులిట్జర్ తన 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో విజ్ఞప్తి చేసి, ఎంత చిన్న మొత్తం ఇచ్చినా దాత పేరు అచ్చువేస్తానని మాట ఇచ్చాడు. సుమారు అయిదు నెలలలో లక్ష డాలర్లకు పైగా వచ్చింది. దాతల సంఖ్య కూడా లక్ష దాటింది. ఎక్కువమంది ఇచ్చింది ఒక్క డాలరు కంటే తక్కువే. పాశ్చాత్య పరిశోధకులు తమ వ్యాసాలలో తరచు ఎత్తి చూపే పూర్వ ఉదాహరణ ఇది.

అంతకు దాదాపు ఇరవై ఏళ్ల ముందే, 1866లో, దేవ్‌బంద్‌లో దారుల్ ఉలూమ్ ప్రారంభమైంది. మదరసాలు అంతవరకు నవాబుల జాగీర్లమీదనో, వక్ఫ్ భూములమీదనో బ్రతికేవి. మౌలానా ముహమ్మద్ ఖాసిం నానౌత్వీ ఆ సంస్థకు వ్రాసిపెట్టిన నియమాలలో ప్రభుత్వం మీదా, ధనవంతుల మీదా ఆధారపడవద్దనీ, సామాన్యుల చందాల మీద నడవాలనీ ఉన్నది. సంస్థ ఏటా ప్రకటించే నివేదికలో దాతల పేర్లు, వారిచ్చినది ఎంత స్వల్పమైనా, అచ్చయ్యేవి. నగదు ఇవ్వలేనివారు పుస్తకాలో ధాన్యమో ఇస్తే అదీ లెక్కకెక్కేది. బార్బరా మెట్‌కాఫ్ 1982లో ప్రచురించిన గ్రంథంలో ఈ ఏర్పాటును వివరంగా పరిశీలించారు. పులిట్జర్ వాడిన ఉపాయమూ, నానౌత్వీ సాహెబు వాడిన ఉపాయమూ ఒకటే: పేరు అచ్చువేయడం. దాతకు అది గౌరవం, చదువరికి అదే లెక్క. క్రౌడ్‌ఫండింగ్ సాహిత్యం పులిట్జరును గుర్తు పెట్టుకొన్నంతగా దేవ్‌బంద్‌ను గుర్తు పెట్టుకోలేదు. ఆ రంగంలో ఉన్నవారు చరిత్రకారులు కాకపోవడం ఒక కారణం. ఉర్దూ నివేదికలు వారి చేతికి అందకపోవడం రెండవది.

హిజాజ్ రైలుమార్గం సంగతి ఇంకొక రకం. డమాస్కస్ నుంచి మదీనాకు రైలు వేయాలని సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ 1900లో నిర్ణయించాడు. విదేశీ అప్పు లేకుండా, ముస్లిముల విరాళాలతో కట్టాలన్నది సంకల్పం. ఈజిప్టు నుంచి, భారతదేశం నుంచి విరాళాలు వెళ్లాయి. దాతలకు ఇచ్చిన మొత్తాన్ని బట్టి పతకాలు ప్రదానం చేశారు. 1908లో రైలు మదీనా చేరింది. అయితే ఆ నిధిలో అంతా మనసారా ఇచ్చినదే కాదు. ఉస్మానియా ప్రభుత్వోద్యోగుల జీతాలలో కోత విధించారు. ఖుర్బానీ చర్మాల మీద వచ్చిన సొమ్మును కూడా రాబట్టారు. చందాకూ పన్నుకూ మధ్య గీత ఎక్కడ పడుతుందో తెలుసుకోదలచినవారికి ఈ రైలు లెక్కలు మంచి పాఠ్యగ్రంథం.

ఇక స్వతంత్ర భారతంలో అందరూ చెప్పుకొనే ఉదాహరణ 1976లో వచ్చిన 'మంథన్' చిత్రం. గుజరాత్ పాల సహకార సంఘాలకు చెందిన అయిదు లక్షలమంది రైతులు తలా రెండు రూపాయలు వేసుకొని నిర్మించిన చిత్రం అది. దర్శకుడు శ్యామ్ బెనెగల్ హైదరాబాదులో పుట్టి పెరిగినవాడే.

ఇంటర్నెట్ వచ్చిన తరువాత జరిగిన మార్పు ఏమంటే, మధ్యవర్తి మారాడు. పత్రికా సంపాదకుడో, సంఘం కార్యదర్శో ఉండే చోట వేదిక అనే వ్యాపార సంస్థ వచ్చింది. 1997లో మారిలియన్ అనే బ్రిటిష్ సంగీత బృందానికి అమెరికా పర్యటన ఖర్చుల కోసం అభిమానులే అరవై వేల డాలర్లు పోగుచేసి ఇచ్చారు. తరువాత సంగీతకారుల కోసం ఆర్టిస్ట్‌షేర్, చిన్న అప్పుల కోసం 2005లో కీవా, 2006లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో సెల్లాబ్యాండ్, 2008లో ఇండీగోగో, 2009లో కిక్‌స్టార్టర్ వచ్చాయి. భారతదేశంలో 2010లో మిలాప్ ప్రారంభమైంది.

పరిశోధకులకు ఈ వేదికలు పెన్నిధి వలె దొరికాయి. ఇందుకు కారణం సిద్ధాంతం కంటె సౌకర్యమే అనడం తప్పు కాదు. బ్యాంకు ఎవరికి అప్పు ఇచ్చిందో, ఎవరిని తిప్పి పంపిందో బయటివారికి తెలియదు. వేదికమీద మాత్రం అడిగినవాడి మాటలు, అడిగిన మొత్తం, ఏ రోజు ఎంత వచ్చింది, చివరకు గెలిచిందా ఓడిందా అన్నీ బహిరంగంగా ఉంటాయి. ఓడిపోయినవారి వివరాలు కూడా మిగిలి ఉండడం అర్థశాస్త్రంలో అరుదైన విషయం.

అజయ్ అగ్రవాల్, క్రిస్టియన్ కాటలీని, అవి గోల్డ్‌ఫార్బ్ అనే ముగ్గురు 2011లో వెలువరించిన పత్రం తొలి మైలురాళ్లలో ఒకటి. సెల్లాబ్యాండ్‌లో యాభై వేల డాలర్ల లక్ష్యాన్ని చేరిన 34 మంది కళాకారులను వారు పరిశీలించారు. పెట్టుబడి పెట్టినవారికీ కళాకారునికీ మధ్య సగటు దూరం సుమారు అయిదు వేల కిలోమీటర్లు! వ్యాపారానికి పెట్టుబడి దగ్గరివారి నుంచే వస్తుందన్న పాత సూత్రం ఇక్కడ చెల్లలేదు. కాని లోతుగా చూస్తే మరొక సంగతి బయటపడింది. మొదట డబ్బు వేసేది స్థానికులు, ముఖ్యంగా బంధుమిత్రులు. వారు వేసిన తరువాతనే దూరపువారు ధైర్యం చేస్తున్నారు. అంటే పరిచయం పోలేదు. వరుసలో ముందు నిలబడింది.

2014లో 'జర్నల్ ఆఫ్ బిజినెస్ వెంచరింగ్' పత్రికలో ఈథన్ మోలిక్ వ్రాసిన వ్యాసం ఈ రంగాన్ని ఒక్కసారిగా విస్తరింపజేసింది. ఆయన సుమారు 48,500 ప్రాజెక్టులను, 23 కోట్ల 70 లక్షల డాలర్ల సొమ్మును లెక్కలోకి తీసుకొన్నారు. తేలిన విషయాలు సరళమైనవే కాని ముందుగా ఎవరూ ఊహించినవి కావు. గెలిచేవారు కొద్దిపాటి తేడాతో గెలుస్తారు. ఓడేవారు ఘోరంగా ఓడతారు. ఓడినవారిలో లక్ష్యంలో 30 శాతమైనా రాబట్టగలిగినది పదిమందిలో ఒక్కరే. విజ్ఞప్తిలో అక్షరదోషాలు ఉంటే గెలిచే అవకాశం తగ్గుతుంది, చదువరి దానిని అశ్రద్ధకు గుర్తుగా తీసుకొంటాడు. వస్తువులు తయారుచేసి ఇస్తామన్నవారిలో అత్యధికులు మాట నిలబెట్టుకోవడానికే ప్రయత్నించారు, కాని మూడు వంతులకు పైగా చెప్పిన గడువు దాటిన తరువాతనే ఇచ్చారు. 2015లో దాదాపు 47,000 మంది దాతలను ప్రశ్నించి మోలిక్ మరొక నివేదిక వెలువరించారు. డబ్బు సేకరించడంలో గెలిచిన కిక్‌స్టార్టర్ ప్రాజెక్టులలో సుమారు 9 శాతం చివరకు ఏమీ ఇవ్వలేకపోయాయని అందులో ఉన్నది.

అప్పుల వేదికలపై జరిగిన పరిశోధన కొంత చేదు నిజాలను బయటపెట్టింది. ప్రాస్పర్ అనే అమెరికన్ వేదికను పోప్, సిడ్నర్ 2011లో పరిశీలించి, సమానమైన ఆర్థిక యోగ్యత ఉన్నప్పటికీ ఫోటోలో నల్లజాతివారు కనిపించిన దరఖాస్తులకు అప్పు దొరికే అవకాశం శ్వేతజాతీయులతో పోలిస్తే 25 నుంచి 35 శాతం తక్కువని చూపారు. జనం చేతికి అధికారం వస్తే బ్యాంకు అధికారి పక్షపాతం తొలగిపోతుందని ఆశించినవారికి ఇది సమాధానం. జనానికీ పక్షపాతం ఉన్నది.

2012 ఏప్రిల్‌లో అమెరికా జాబ్స్ చట్టం చేసి సామాన్యులు చిన్న కంపెనీలలో వాటాలు కొనడానికి దారి తెరిచింది. నిబంధనలు అమలులోకి రావడానికి 2016 మే వరకు పట్టింది. మలేషియా 2015లోనే వాటాల క్రౌడ్‌ఫండింగ్‌కు నిబంధనలు తెచ్చింది. యూరోపియన్ యూనియన్ నిబంధన 2021 నవంబరు నుంచి అమలైంది. భారతదేశంలో సెబీ 2014 జూన్‌లో చర్చాపత్రం ప్రకటించింది కాని అది నిబంధనల రూపం దాల్చలేదు. వ్యక్తుల మధ్య అప్పుల వేదికలకు మాత్రం రిజర్వు బ్యాంకు 2017లో నియమావళి తెచ్చింది. చట్టం రాగానే న్యాయశాస్త్రవేత్తలు ఈ రంగంలో అడుగుపెట్టారు. వ్యాపార నిర్వహణ శాఖలలో మొదలైన అధ్యయనం న్యాయశాస్త్రానికీ, సమాజశాస్త్రానికీ, వైద్యనీతికీ, చివరకు ఫిఖ్‌హ్‌కూ చేరింది.

ఇస్లామీ అర్థశాస్త్రం విశ్వవిద్యాలయ విషయంగా నిలదొక్కుకొన్నది 1976 మక్కా సదస్సు తరువాత అని చెప్పుకోవడం ఆనవాయితీ. ఆచరణ అంతకంటె పాతది. హైదరాబాదులో వడ్డీలేని రుణ సంఘాలు 19వ శతాబ్దం చివరి నుంచే పనిచేశాయి. డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా, స్వయంగా హైదరాబాదీ, ఇస్లామీ ఆర్థిక చింతనకూ ఆచరణకూ హైదరాబాదు చేసిన సేవను గూర్చి 1955లో ఒక జర్మన్ పత్రికలో వ్యాసం ప్రకటించారు. సభ్యులు నెలనెలా వేసే చిన్న మొత్తాలతో నిధి ఏర్పరచి, అవసరమైన వారికి ఖర్జె హసన్‌గా ఇచ్చే ఈ పద్ధతిని నేటి పరిభాషలో క్రౌడ్‌ఫండింగ్ అనవచ్చునా? పూర్తిగా అనలేము. అక్కడ ఇచ్చేవాడూ పుచ్చుకొనేవాడూ ఒకే దఫ్తరులో పనిచేసేవారో, ఒకే మొహల్లావారో అయి ఉంటారు. ఎగవేసినవాడు మరునాడు మసీదులో ఎదురుపడతాడు. వేదికమీద ఎదురుపడేవారు లేరు.

2012 తరువాత ఈజిప్టులోనూ, సింగపూరులోనూ, దుబాయిలోనూ, అమెరికా ముస్లిములలోనూ ఇస్లామీ వేదికలు వచ్చాయి. సింగపూరు వేదిక ఇండొనేషియాలో తక్కువ ధర ఇళ్ల నిర్మాణానికి సొమ్ము సమకూర్చింది. వీటిని గూర్చిన వ్యాసాలు మలేషియా, ఇండొనేషియాల నుంచి పుష్కలంగా వస్తున్నాయి. అయితే చాలావాటిలో ఒక లోపం కనిపిస్తుంది. 'వడ్డీ లేదు, మద్యం లేదు, కనుక సమ్మతం' అని తేల్చి ముగిస్తాయి. అసలు ప్రశ్న ఒప్పందం ఏమిటన్నది. దానికి అక్కడ జవాబు దొరకదు.

బహుమతి పద్ధతినే తీసుకోవచ్చు. ఒకడు కొత్త రకం దీపం తయారుచేస్తానని చెప్పి డబ్బు అడుగుతాడు. యాభై డాలర్లు ఇచ్చినవారికి ఒక దీపం పంపుతానంటాడు. ఇది దానమా, అమ్మకమా? దానమైతే దీపం రాకపోయినా దాతకు అడిగే హక్కు లేదు. అమ్మకమైతే, లేని వస్తువును అమ్మరాదన్న నియమం అడ్డు వస్తుంది. ఆ నియమానికి ఫిఖ్‌హ్‌లో రెండు ప్రసిద్ధ మినహాయింపులు ఉన్నాయి. మొదటిది సలమ్. మదీనావాసులు ఖర్జూరాలకు రెండేళ్లు, మూడేళ్లు ముందుగా డబ్బు ఇచ్చుకొనే ఆచారం ఉండగా, కొలత, తూకం, గడువు నిర్దిష్టంగా ఉండాలన్న షరతుమీద దైవప్రవక్త (సల్లం) దానిని అనుమతించారు. రెండవది ఇస్తిస్నా, అనగా పనివానికి చెప్పి వస్తువు తయారుచేయించుకోవడం. ధాన్యం వంటి, ఒకదానికి బదులు మరొకటి ఇవ్వగల సరుకుకు సలమ్ తగుతుంది. ఇంతవరకు లోకంలో లేని దీపానికి ఇస్తిస్నాయే తగినది.

ఇక్కడ మోలిక్ లెక్క ఫిఖ్‌హ్ పండితునికి పనికివస్తుంది. మూడు వంతులమంది గడువు దాటిస్తున్నారంటే, అక్కడ ప్రకటించే గడువు ఒప్పందంలోని గడువా, లేక కేవలం ఆశాభావమా? ఇస్తిస్నాలో గడువు పెట్టడాన్ని గూర్చి ఇమాం అబూ హనీఫాకూ, ఆయన శిష్యులిద్దరికీ అభిప్రాయభేదం ఉన్నది. గడువు పెడితే అది సలమ్‌గా మారుతుందని ఇమాం, మారదని శిష్యులు. ఉస్మానియా కాలపు మజల్లా, పని ఒప్పుకొన్న తరువాత ఇరుపక్షాలలో ఎవరూ వెనుదీయరాదన్న పక్షం వహించింది. 1992లో జిద్దా ఫిఖ్‌హ్ అకాడమీ కూడా ఇస్తిస్నా ఇరుపక్షాలను కట్టిపడవేస్తుందనీ, వస్తువు లక్షణాలూ గడువూ స్పష్టంగా ఉండాలనీ తీర్మానించి, ఆలస్యానికి పరిహారపు షరతు పెట్టుకోవచ్చునన్నది. ఈ తీర్మానాన్ని వేదికల నిబంధనల పక్కన పెట్టి చదివితే తేడా ఇట్టే తెలుస్తుంది. వేదికలు తాము అంగడి కాదనీ, ఒప్పందం దాతకూ ప్రాజెక్టు కర్తకూ మధ్యనేననీ చెప్పుకొంటాయి; ఆ ఒప్పందం స్వభావాన్ని మాత్రం నిర్వచించవు. ఖాళీ అక్కడ ఉన్నది. పండితులు పూరించవలసినది అదే.

బెల్లెఫ్లామ్, లాంబెర్ట్, ష్విన్‌బాకర్ 2014లో ప్రకటించిన సిద్ధాంత వ్యాసం కూడా ఈ సందర్భంలో చదవదగినది. కావలసిన పెట్టుబడి మార్కెట్టుతో పోల్చితే చిన్నదైతే వ్యాపారికి ముందస్తు అమ్మకం లాభమనీ, పెద్దదైతే లాభంలో వాటా ఇవ్వడం మేలనీ వారు గణితంతో నిరూపించారు. ముందస్తు అమ్మకం, లాభంలో వాటా అన్న మాటలు తీసి ఇస్తిస్నా, ముషారకా అని వేసి చదివినా వాదం చెడదు. ఆ ముగ్గురికీ ఫిఖ్‌హ్‌తో సంబంధం లేదు. అయినా ఇస్లామీ అర్థశాస్త్ర విద్యార్థికి వారి వ్యాసం సిద్ధంగా ఉన్న సాధనం.

వ్యాపారం సంగతి అలా ఉంచితే, నేడు సామూహిక నిధి సేకరణలో ప్రాణసంకటమైన భాగం వైద్యం. ఇక్కడే పరిశోధన అత్యంత విలువైన పని చేసింది. కెన్‌వర్తీ, ఇగ్రా 2022లో ప్రచురించిన అధ్యయనంలో 2016 నుంచి 2020 వరకు అమెరికాలో ఒక పెద్ద వేదికమీద వైద్యం కోసం వచ్చిన 4,37,596 విజ్ఞప్తులు ఉన్నాయి. మొత్తం మీద 200 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. వార్త అక్కడే ఆగితే అది మానవత్వపు విజయమే. కాని లక్ష్యం చేరినవి 12 శాతం మాత్రమే. 16 శాతం విజ్ఞప్తులకు ఒక్క డాలరు కూడా రాలేదు. ఎక్కువ అప్పులు, తక్కువ బీమా ఉన్న ప్రాంతాలవారే ఎక్కువగా అడుగుతున్నారు. ధనిక ప్రాంతాలవారికే ఎక్కువగా వస్తున్నది. పేదవాని బంధుమిత్రులూ పేదవారే కావడం ఇందుకు కారణమని వేరే చెప్పనక్కరలేదు. సెల్లాబ్యాండ్ పత్రం చెప్పినట్లు మొదట వేసేది దగ్గరివారైతే, దగ్గరివారి జేబు ఖాళీగా ఉన్నప్పుడు దూరపువారు కదలరు. రెండు పరిశోధనలూ వేరు రంగాలవి, కాని కలిపి చదవవలసినవి.

మరొక ప్రమాదాన్ని 2018లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ఆధారం లేని, కొన్ని హానికరం కూడా అయిన చికిత్సల కోసం వచ్చిన 1,059 విజ్ఞప్తులకు జనం 67 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. దాత మనసు మంచిదే. కాని వైద్యం సరైనదో కాదో నిర్ణయించే అర్హత దాతకూ లేదు, వేదికకూ లేదు.

భారతదేశంలో ఈ విషయం 2021లో అందరి దృష్టికీ వచ్చింది. వెన్నెముక కండరాల క్షీణత అనే జన్యువ్యాధితో పుట్టిన పసిపిల్లలకు ఒక్కసారి ఇచ్చే ఔషధం ధర అప్పట్లో సుమారు 16 కోట్ల రూపాయలు. హైదరాబాదుతో సహా కొన్ని నగరాలలో తల్లిదండ్రులు వేదికల ద్వారా వేలాదిమంది నుంచి సొమ్ము సేకరించి ఆ మందు తెప్పించారు. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో, ఇటువంటి వ్యాధుల చికిత్సకు ప్రజల స్వచ్ఛంద విరాళాల కోసం ఒక డిజిటల్ వేదిక ఏర్పాటు చేయడం కూడా చేరింది. చందా అడగడం ఆఖరుకు ప్రభుత్వ విధానంలోనే ఒక భాగమైంది. పత్రికలలో ఫోటోలు వచ్చింది మందు దొరికిన పిల్లలవి. దొరకని పిల్లల సంఖ్యను లెక్కకట్టవలసిన పని భారతీయ విశ్వవిద్యాలయాలది. అమెరికా పరిశోధకులు నాలుగు లక్షల విజ్ఞప్తులను లెక్కించిన విధంగా ఇక్కడి విజ్ఞప్తులనూ లెక్కించడానికి వేదికల పుటలు తెరిచే ఉన్నాయి.

ఈ విజ్ఞప్తులకు జకాత్ సొమ్ము ఇవ్వవచ్చునా అన్నది ముస్లిం దాతలు తరచు అడిగే ప్రశ్న. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను ఖుర్ఆన్ (9:60) పేర్కొన్నది. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం ఆ సొమ్ము అర్హుని స్వంతం కావాలి, దీనినే తమ్లీక్ అంటారు. వేదికలు సొమ్మును తరచు రోగి చేతికి ఇవ్వక నేరుగా ఆసుపత్రికి చెల్లిస్తాయి. మోసాన్ని అరికట్టడానికి అది మంచి పద్ధతే. రోగి అనుమతితో, అతని ప్రతినిధిగా చెల్లిస్తే తమ్లీక్ నెరవేరినట్లా? బాకీదారుని అనుమతితో అతని బాకీ తీర్చడంతో దీనిని పోల్చి చూడవచ్చు. మరి వేదిక తన రుసుముగా మినహాయించుకొనే భాగం జకాత్ లెక్కలోకి వస్తుందా? లక్ష్యం మించి వచ్చిన సొమ్ము ఎవరిది? రోగి మధ్యలో మరణిస్తే మిగిలినది వారసులదా, దాతలదా, అదే వ్యాధి ఉన్న మరొకరిదా? చివరి ప్రశ్న ఊహ కాదు. అటువంటి సందర్భాలు ప్రతి వేదికకూ ఎదురవుతాయి. నిబంధన పుటలో ఒక పంక్తి వ్రాసి ఊరుకొంటున్నారు. ఆ పంక్తిని దాత చదవడు, జ్వరంతో కాలిపోతున్న బిడ్డను ఒళ్లో పెట్టుకొని దరఖాస్తు నింపే తల్లి కూడా చదవదు.